గడప దాటిన డప్పు

ఓరుగల్లు సీమలో ఎనిమిది వందల యేండ్లుగా మ్రోగని మద్దెలలు కొన్ని యున్నవి. అవి పాలంపేట రామప్ప దేవాలయపు ఱాతిలో వాద్యకారుల నడుములకు వ్రేలాడుచున్నవి. చేయి చర్మముమీదికి దిగుచున్నది. నర్తకి పాదము లేచియున్నది. చూచువారి చెవికి మాత్ర మేమియు వినరాదు. ఈ సీమలోనే జాతరకు, పెండ్లికి, చావునకు మ్రోగు డప్పులును డోళ్ళును ఊరూర నున్నవి. వాని మ్రోత యూరి యీ చివరనుండి యా చివరకు వినవచ్చును. వాయించినవారి పేరు మాత్రము పుస్తకములలో గానరాదు. మ్రోత లేని రూపము నొకచోటను, పేరు లేని మ్రోతను వేఱొకచోటను ఉంచుకొన్నవారము మనము.

ధ్వనిని దాచుకొనవలెనను కోరిక యంత్రముతో పుట్టినది కాదు. మొదట ఱాతితోను, పిదప అక్షరముతోను, కడపట యంత్రముతోను మనవారు వాద్యధ్వనిని నిలుప జూచిరి. ప్రతి పర్యాయమును ఏదో యొకటి దక్కినది. ప్రతి పర్యాయమును వాద్యకారుడు చేజారిపోయెను. ఇప్పుడు కంప్యూటరును, మైక్రోఫోనును గల యే యింటనైనను పదియడుగుల గదియే ధ్వనిముద్రణశాల కాగలుగుచున్నది. మహానగరములలోని సంస్థలు మాత్రమే చేయగలిగిన పని గృహస్థుని చేతికి వచ్చినది. కాబట్టి ఆ సంస్థలు విడిచిన లోపమును దిద్దు బాధ్యతయు గృహస్థునకే వచ్చినదని మేము తలంచుచున్నాము. ఈ బాధ్యత యెట్టిదో తెలియుటకు వెనుకటి చరిత్రను కొంత చూడవలసియున్నది.

కాకతీయ గణపతిదేవుని సేనాని యగు రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో పాలంపేటయందు రుద్రేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. దానినే మనము రామప్ప గుడి యందుము. 2021 జూలైలో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. అచ్చటి నల్లఱాతి మదనికల యందమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. నర్తకుల ప్రక్క నిలిచిన వాద్యకారులను గూర్చి వ్రాసినవారు తక్కువ. మద్దెలను నడుమునకు కట్టిన తీరు, దేహము వంగిన వంపు, చేయి పడు చోటు – ఇవి యన్నియు ఱాతివలన మనకు తెలియును. ఒక్క దెబ్బ మాత్రము తెలియదు. మఱియొక సంగతి గమనింపదగినది. ఆ గుడికి శిల్పి పేరు నిలిచినదని లోకవాడుక; దేవుని పేరికంటె శిల్పి పేరే ప్రజల నోట నాడుచున్నది. చెక్కినవానికి దక్కిన యీ గౌరవము, చెక్కబడిన వాద్యకారునకు దక్కలేదు.

రెండవది అక్షర లేఖనము. గణపతిదేవుని గజసేన కధిపతియైన జాయప సేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళి యను గ్రంథమును సంస్కృతమున రచించెను. అందెనిమిది యధ్యాయములు గలవు. మొదటి నాలుగును మార్గనృత్తమును, తక్కిన నాలుగును దేశినృత్తమును చెప్పుచున్నవి. గ్రంథములో సగపాలు దేశికి విడిచిపెట్టిన యీ సేనాని దృష్టి మెచ్చదగినది. వి. రాఘవన్ గారు ఈ గ్రంథమును పరిష్కరించి వెలువరించిరి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెనిగించిరి. జాయపయే గీతరత్నావళి, వాద్యరత్నావళి యను రెండు గ్రంథములను గూడ వ్రాసెనని చెప్పుదురు గాని అవి మనకు దక్కలేదు. నృత్తమును చెప్పినది నిలిచినది. వాద్యమును చెప్పినది పోయినది. మన సీమ వాద్యముల చరిత్రలో ఇంతకుమించిన నష్టము వేఱొకటి లేదనవచ్చును.

అట్లని వాద్యరత్నావళి దొరికినచో మ్రోత దొరకునా యనిన, దొరకదు. ధ్వనిని అక్షరములలో బంధించు విద్య మనవారికి కడు ప్రాచీనము. భరతుని నాట్యశాస్త్రము పుష్కర వాద్యములకు 16 అక్షరములను చెప్పినది. నేటికిని మృదంగము నేర్చువారు ముందు నోటితో జతులు చెప్పి, పిదపనే చేయి వేయుదురు. ఈ పద్ధతివలన దెబ్బల వరుస తెలియును, కాలము తెలియును. చర్మ మెంత బిగిసియున్నది, పుల్ల యే కోణమున పడినది, వాయించు నాయన ఒక దెబ్బను వెండ్రుకవాసి యాలస్యము చేసి వినువారి నెట్లు పట్టి నిలిపెను – ఇది తెలియదు. పాలకురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమున వాద్యముల పేర్లు బారులు తీరియున్నవి. ఓరుగంటి వీథులలో నొకదినము తిరిగిన తిరుగుడును వర్ణించు క్రీడాభిరామమున పల్నాటి వీరుల కథను పాడు ఘట్టము గలదు. పేరు వినుచున్నాము, మ్రోత వినుట లేదు.

నటరాజ రామకృష్ణగారు నృత్తరత్నావళిని చదివి, రామప్ప శిల్పములను పరిశీలించి, పేరిణి శివతాండవమును మరల నిలువబెట్టిరి. 1985లో శివరాత్రినాడు రామప్ప గుడియందే దానిని ప్రదర్శింపజేసిరి. పుస్తకమును శిల్పమును గలిసి యేమి చేయగలవో దీనివలన తెలిసినది. భంగిమ గ్రంథమున దొరకును. పాదము శిల్పమున దొరకును. మృదంగము పలుకవలెనన్న మాత్రము బ్రదికియున్న వాద్యకారుని చేతులే కావలెను. విద్య చేతినుండి చేతికే దిగివచ్చును. నడుమ నొక తరము చేయి చాపకున్న నది నిలిచిపోవును.

ఇంతవరకు చెప్పిన వాద్యములు గుడిలోపలివి, కొలువులోపలివి. గుడికిని కొలువునకును వెలుపల మ్రోగిన వాద్యముల మాట వేఱు. వానిలో మొదటిది డప్పు. కొయ్య వలయమునకు మేకతోలో దూడతోలో బిగించి, భుజమునుండి వ్రేలాడదీసి, ఎద కానించి వాయింతురు. కుడిచేత సిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల యుండును. వాయించుటకు ముందు నిప్పుసెగకు చూపి చర్మమును బిగింపజేయుదురు. చల్లబడి వదులైన కొలది మరల సెగ చూపుదురు. చావునకొక దెబ్బ, పెండ్లికొక దెబ్బ, జాతర కొక దెబ్బ, చాటింపున కొక దెబ్బ గలవు. పల్లెలో పుట్టినవారు కన్నులు మూసికొనియు, వీథిలో జరుగుచున్నదేమో డప్పునుబట్టి చెప్పగలరు.

రెండవది ఒగ్గు డోలు. ఒగ్గు అనగా శివుని డమరుకమువంటి చిన్నవాద్యము. దానిని పట్టి మల్లన్న కథను, బీరప్ప కథను చెప్పు కురుమ, గొల్ల కళాకారులకు రెండు మొగముల పెద్దడోళ్ళు తోడుగా మ్రోగును. ఐనవోలు జాతరలోను, కొమురవెల్లి జాతరలోను ఈ డోళ్ళ వరుసలను చూచినవారికి వాని బలము తెలియును. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్యగారు (1935–2017) ఒగ్గుకథను పల్లెదాటించి దేశమునకు వినిపించిరి. పేరు నిలిచిన కొలదిమందిలో ఆయన యొకరు.

ఇచట మన భాషనే యొకమారు పరీక్షించి చూతము. మృదంగమును 'వాయించెదరు' అందుము. డప్పును 'కొట్టెదరు' అందుము. మృదంగము వాయించు నాయన 'వారు'; డప్పు కొట్టు నాయన 'వాడు'. ఈ రెండు మాటలను మన కెవ్వరును పాఠశాలలో నేర్పలేదు, ఇంటిలోనే నేర్చుకొంటిమి. డప్పు మన పెండ్లికి కావలెను, మన చావునకు కావలెను. డప్పు వాయించిన మాదిగ సోదరుడు మాత్రము పందిరి వెలుపలనే నిలువవలెను. నిజాము రాజ్యమున వెట్టి సాగిన కాలమున చాటింపు మోయుటయు, దొర వచ్చినప్పుడు డప్పుతో నెదురేగుటయు కూలి లేని చాకిరిగానే యుండెను. వాద్యమునుండి మనకు కావలసిన మ్రోతను తీసికొని, వాద్యకారుని గడప వెలుపల నుంచుట మనకు యంత్రము రాకముందే యలవాటు.

డప్పులో శ్రుతి లేదు గనుక నది సంగీతము కాదని కొందఱు పండితు లందురు. ఈ మాటకు సి.వి. రామన్ గారి పరిశోధనయే సమాధానము. ఆయన 1920లో శివకాళి కుమార్ గారితో గూడి నేచర్ పత్రికలో నొక వ్యాసమును ప్రకటించి, మృదంగము, తబలా మొదలగువాని చర్మము నడుమ పూయు నల్లని కరణివలననే వాని యుపధ్వనులు ఒండొంటితో పొందిక గలిగియుండునని నిరూపించిరి. కరణి లేని చర్మము ఆ పొందికను చూపదు. కాబట్టి మృదంగమునకును డప్పునకును గల భేదము గొప్పతనమున గాదు, పనియందు. ఒకటి గాయకుని శ్రుతి ననుసరించుటకు చేయబడినది. రెండవది వేయిమందిని ఒక్క అడుగున నడిపించుటకు చేయబడినది. దాని గుణము దెబ్బ పడిన క్షణముననే యున్నది. ఆ క్షణమును పట్టుటయే యంత్రమునకు మొదటినుండియు కష్టమైనది.

ఎడిసన్ 1877లో తగరపు రేకుమీద మాటను గీయించి మరల పలికించెను. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున గైస్‌బర్గ్ అను నాతడు కలకత్తాకు వచ్చి, హోటలు గదులనే ధ్వనిముద్రణశాలగా మార్చుకొని, గౌహర్ జాన్ మొదలగువారి పాటలను ముద్రించెను. ఈ దేశమున ధ్వనిముద్రణ అద్దె గదులలో మొదలైనదని గుర్తుంచుకొనదగును. ఆ కాలమున మైక్రోఫోను లేదు. గాయకుడు పెద్దబాకాలోనికి పాడగా, ఆ గాలి తాకిడికే సూది కదలి మైనముపై గీత గీయును. గట్టిగా దెబ్బ పడినచో సూది యెగిరి గీత చెడును; మంద్రధ్వని యసలే గీయబడదు. అందుచేత ఐరోపా, అమెరికాలలోను పెద్దడోళ్ళను బాకాకు దూరముగా గది మూలకు నెట్టుటయో, మొత్తమునకే మానుటయో చేసిరి. గాయకుడు బాకా ముందు, డోలుకాడు గోడ ప్రక్క – యంత్రమును తనకు తెలియకయే యొక పంక్తిభేదమును కల్పించినది.

1925లో విద్యుత్తుతో ధ్వనిని ముద్రించు పద్ధతి వచ్చినపిదప డోలునకు గదిలో చోటు దొరకినది. కాని రెండు చిక్కులు మిగిలిపోయెను. 78 తిరుగుళ్ళ పలక ఒక ప్రక్కన మూడు, నాలుగు నిమిషములకంటె పట్టదు. రాత్రియంతయు సాగు ఒగ్గుకథ దానిలో నెట్లు ఇమిడును? రెండవది, తెనుగు పాటల ముద్రణ చాలకాలము చెన్నపట్టణమున సాగెను; ఓరుగల్లు జిల్లా పల్లెనుండి యచ్చటికి పోయి వాయింపగల డప్పువారు ఎందఱు? పలక మీది చీటిపై సాధారణముగా గాయకుని పేరే యుండెడిది. ప్రక్కవాద్యమునకు పేరుండుట యరుదు. ఱాతిలోను అక్షరములోను జరిగినదే మైనములోను జరిగినది.

జానపద విద్యను చదువరుల దృష్టికి తెచ్చినవారిలో ఓరుగల్లు సీమవారు ముందుండుట మనకు గౌరవము. దేవనూరివారైన బిరుదురాజు రామరాజుగారు 1956లో తెనుగు జానపద గేయ సాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన ముగించి డాక్టరేటు పొందిరి. తెలుగు విశ్వవిద్యాలయమువారు వరంగల్లున జానపద గిరిజన విజ్ఞాన పీఠమును నెలకొల్పిరి. ఈ కృషివలన పాటలు పుస్తకములలోనికి వచ్చినవి. పాట యచ్చులో నిలుచును. డప్పు అచ్చులో నిలువదు. దానికి చెవియే పుస్తకము.

1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్టును వెలువరించినపిదప ముద్రణ చౌకయై పల్లెల దనుక వచ్చినది. నేడు క్యాసెట్టును పోయి, ధ్వని యంకెలలోనికి మాఱినది. సెకండునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి ఆ కొలతలను దాచు యంత్రములు సామాన్య గృహస్థునకు అందుబాటున నున్నవి. ఇక గది సంగతి. ఈ విషయమున కొంత శాస్త్రమును, కొంత ఇంటి తెలివియు కావలెను గనుక కొంచెము వివరింతుము.

డప్పు ఆరుబయటి వాద్యము. బయట మ్రోగిన ధ్వని పోయినదారినే పోవును. చిన్నగదిలో అది గోడను తాకి తిరిగివచ్చును. గోడ మైక్రోఫోనునకు మూడడుగుల యెడమున నున్నచో, ఆ ధ్వని యించుమించు ఆరడుగు లెక్కువ నడచి, సెకండులో రమారమి 200వ వంతు ఆలస్యముగా చేరును. చెవి దీనిని ప్రతిధ్వనిగా నెఱుగదు. దెబ్బ పదును తగ్గినదని మాత్ర మెఱుగును. మఱియు 12 అడుగుల పొడవు గల గదిలో సెకండునకు సుమారు 47 కంపనములు గల మంద్రధ్వనియు, దాని రెట్టింపులు మూడింతలునైన ధ్వనులును తక్కినవానికంటె నుబ్బి వినబడును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును సమానమైన గదిలో ఈ యుబ్బు లన్నియు నొక్కచోట చేరుటచేత నది మిక్కిలి చెడ్డది. గదిమూల మంద్రమును మఱింత పెంచును. కావున వాద్యకారుని మూలకు నెట్టుట మర్యాదకును విరుద్ధము, శాస్త్రమునకును విరుద్ధము.

పూర్వపు పెంకుటిండ్లలో వాలుకప్పును, మట్టిగోడయు, దూలములును ధ్వనిని చెల్లాచెదరు చేసెడివి. నేటి స్లాబు గదిలో కప్పును నేలయు నెదురెదురుగా నున్నవి. నేల నున్నని పలకలతోను గోడ నున్నని సిమెంటుతోను ఉన్నవి. చప్పట్లు కొట్టినచో జలజలమని మ్రోత సాగును. దానిని ఆపుటకు వెలగల సామగ్రి యక్కరలేదు. నేలపై జంపఖానా, గోడకు పుస్తకముల బీరువా, మూలలలో దూదిపరుపులు నిలిపిన సగము పని తీరును. పలుచని తెర తారధ్వనినే మ్రింగును. మంద్రమును మ్రింగుటకు దళసరి వస్తువు కావలెను, అదియు గోడ కంటుకొనక ఎడముగా నుండవలెను. ఇందుకు మన సీమలో గొంగడికి మించినది లేదు. దక్కను గొఱ్ఱెల యున్నితో కురుమలు నేయించుకొను నల్లగొంగళ్ళను రెండుమూడింటిని మడచి, గోడకు జానెడు ఎడముగా వ్రేలాడదీసి చూడుడు. ఒగ్గు డోలును, గొంగడియు నొక్క యింటివే. డోలునకు గది నమర్చుపని గొంగడికి తగియేయున్నది.

మైక్రోఫోనును చర్మమున కెదురుగా మూడడుగుల దూరమున, కొంచెము ప్రక్కకు త్రిప్పి నిలుపుట మొదటి పరీక్షకు మంచిది. మిక్కిలి దగ్గర పెట్టిన సిటికెన పుల్ల గీరుడే వినవచ్చును. మిక్కిలి దూరము పెట్టిన గదియే వినవచ్చును. ఒగ్గు డోలునకు రెండు మొగములు గనుక వీలైనచో రెండు మైక్రోఫోనులు కావలెను. వాద్యకారుడు సిద్ధపడుటకై మెల్లగా వాయించునప్పుడు యంత్రపు మట్టమును నిర్ణయింపరాదు. ఆయన వాయింపగల మిక్కిలి గట్టిదెబ్బకు దానిని సరిపఱచి, పైన మఱికొంత యెడము విడువవలెను. అంకెల యంత్రమున ధ్వనికి మించరాని పైకప్పు గలదు. దానిని తాకిన దెబ్బ పగిలిపోవును, పిదప నెవ్వరును దానిని బాగుచేయజాలరు. పంకా నాపవలెను. డప్పునకు సెగ చూపుటకు వాకిటనో డాబామీదనో చోటీయవలెను. చర్మము గదిలో చల్లబడును గనుక నడుమ నడుమ ఆపి మరల సెగ చూపనీయవలెను. తొందర కూడదు.

అన్నిటికంటె ముఖ్యమైన పని యొకటి గలదు. ముద్రించిన దానిని వెంటనే వాద్యకారునకు వినిపించి, ఇది మీ డప్పేనా యని యడుగవలెను. ఆ డప్పు జాతరలో నెట్లు మ్రోగునో ఎఱిగినది ఆయన చెవి. గదిలోని యంత్రమును నడపు యువకుని చెవి కాదు. ఆయన కాదన్నచో మైక్రోఫోనును కదపవలెను. ఈ ప్రశ్న నడుగుటతోనే ఇంటివారును డప్పువారును ఒక పనిలో సమానులగుదురు. మధ్యాహ్నమునకు ఆయన మన చాపమీద కూర్చుండి మన కంచమున భుజించును. అస్పృశ్యతా నివారణమును గూర్చి సభలలో చేయు తీర్మానములకంటె పదియడుగుల గదిలో గడచిన యిట్టి దినమొకటి యెక్కువ పనిచేయునని మా నమ్మకము.

ఐతే ఈ యంత్రములోనే యొక యపాయము గలదు. నేటి పద్ధతిలో ఒక్క దెబ్బను ముద్రించి, ముక్కగా కోసి, మీటనొక్కినప్పుడెల్ల పలుకునట్లు చేయవచ్చును. అట్టి ముక్కలు పదియున్న చాలును; ఆపై డప్పు వినబడు పాటకు డప్పువారు అక్కరలేదు. ఒక దినపు కూలి యిచ్చి తీసికొన్న చేతిని వేయి పాటలకు వాడుకొనవచ్చును. వెట్టిలో మనిషి దినమును దోచుకొనిరి. ఇందులో మనిషి చేతినే దోచుకొనవచ్చును. దాచుటకు వచ్చిన యంత్రమే తొలగించుటకును పనికివచ్చుచున్నది. రెంటిలో దేని నెన్నుకొందుమో యంత్రము చెప్పదు, గృహస్థుడే చెప్పవలెను.

చట్ట మీ విషయమున వాద్యకారుని పక్షముననే యున్నది. 1957 నాటి కాపీరైటు చట్టమున ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో చేరినది. 2012 సవరణతో ప్రదర్శకుడు తన ప్రదర్శనమునకు తన పేరు చెప్పవలెనని కోరు హక్కును, తన కీర్తికి భంగము కలుగునట్లు దానిని మార్పకుండ అడ్డు హక్కును పొందెను. డప్పువారికి ఈ సంగతి చెప్పువారు లేకుండుటయే లోపము. గదికి పిలిచినవారే ముందుగా చెప్పుట ధర్మము. ఆయన సమ్మతి లేనిదే మీట నొక్కరాదు. దెబ్బలను ముక్కలుగా వాడదలచినచో ఆ మాట విడిగా చెప్పి, విడిగా సమ్మతియు ప్రతిఫలమును నిర్ణయింపవలెను.

డప్పు దాస్య చిహ్నము గదా, దానిని దాచుటెందుకని యడుగువారు గలరు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పల్లెలలో మాదిగ యువకులు కొందఱు చావుడప్పు వాయింపమని నిరాకరించిరి. నిర్బంధముగా చేయించు పనిని మానుట మానవుని హక్కు. వారు చేసినది న్యాయము. మఱికొందఱు అదే డప్పును చేతబట్టి తమ గౌరవమును చాటిరి. 1994 జూలైలో ప్రకాశము జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగల యుద్యమము దండోరా యనియే పేరు పెట్టుకొన్నది. దొర మాటను చాటిన డప్పు తమ మాటను చాటినది. తెలంగాణ యుద్యమ సభలలోను డప్పు వేదికపై కెక్కినది. దించినవారును, ఎత్తినవారును గూడ చెప్పినది యొక్కటే – ఎప్పుడు వాయింపవలెనో నిర్ణయించునది వాయించువారు. మన గదికిని ఇదే నియమము. రానన్నవారిని బలవంతపెట్టరాదు, వచ్చినవారిని అతిథులుగా చూడవలెను.

కావున ఇంట ధ్వనిని ముద్రించు ప్రతి గృహస్థును యంత్రము ప్రక్కన నొక పుస్తకము నుంచుకొనవలెనని మేము కోరుచున్నాము. అందు వాద్యకారుడు సమ్మతించినంతవరకు ఆయన పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చినది, వాయించిన దెబ్బ పేరు, ఏ సందర్భమున దానిని వాయింతురు, చర్మమేది, తేది, ఇచ్చిన ప్రతిఫలము – ఇవి వ్రాయవలెను. ఆ వివరములనే ముద్రణతో గూడ భద్రపఱుపవలెను. ఒక ప్రతిని వాద్యకారున కీయవలెను. ఆయన కోరినచో ఊరి గ్రంథాలయమున మఱియొక ప్రతి నుంచవలెను. స్త్రీలు ఈ లెక్కను స్వీకరించిన నది చక్కగా సాగునని మా యనుభవము. ఇంటి పద్దును తప్పక వ్రాయువారు ఈ పద్దును తప్పరు. పిల్లలను గదిలో కూర్చుండ బెట్టవలెను. డప్పును 'వాయించుచున్నారు' అను మాటను వారు ఇంటిలోనే నేర్చుకొందురు.

రామప్ప ఱాతిలో మద్దెల పట్టి నిలిచిన యాయన పేరు మన మిక నెఱుగజాలము. జాయప వాద్యగ్రంథమును మనము తిరిగి వ్రాయజాలము. ఈ దినమున మన గదిలో వాయించిన యాయన పేరును వ్రాయుటకు మాత్రము ఒక కలము చాలును.